ముళ్ళున్నా ముద్దయిన చేప

వానలకు పేర్లు పెట్టడం అన్ని భాషలలోనూ ఉన్నదే. మనం తుంపర అంటాము, జల్లు అంటాము, ముసురు అంటాము, జడివాన అంటాము. కాని ఒక వానకు ఒక చేప పేరు పెట్టుకున్న గౌరవం బెంగాలీలది. ఆషాఢ శ్రావణాలలో తూర్పుగాలి వీస్తూ ఉండగా, తడిపీ తడపనట్లు కురిసే సన్నని తుంపరను వారు 'ఇల్షేగుఁడి' అంటారు. ఆ తుంపర పడితే సముద్రంనుంచి ఇలిశ్ చేప నదిలోకి ఎక్కివస్తుందని అక్కడి పల్లెకారుల నమ్మకం.

మన గోదావరి జిల్లాలలో పులస అని పిలిచేది ఈ చేపనే. ఒడిశాలో ఇది ఇలిశి. సింధు నదీతీరంలో పల్లా. ఇరాక్ దేశపు బస్రా ప్రాంతంలో సబూర్. పర్షియన్ సింధుశాఖ మొదలు బర్మా తీరం దాకా, పెద్ద నది సముద్రంలో కలిసే చోట్ల ఎన్నింటనో ఈ చేప జాడ ఉన్నది. సింధీల ఇలవేల్పు ఝూలేలాల్ చిత్రపటాలలో ఆ దేవుడు ఆసీనుడై ఉండేది పల్లా చేపమీదనే. అయినా ఒక మహానగరం మొత్తం ఒక చేపకోసం ఎదురుచూడడం, దాని ధరను గురించి దినపత్రికలు మొదటిపుటలో వ్రాయడం, దానికోసం రెండు ప్రభుత్వాలు రాయబారాలు నడపడం చూడాలంటే కలకత్తా నగరానికే వెళ్ళాలి. 2001లో ఆ నగరానికి కోల్‌కతా అని అధికారికంగా పేరు మార్చినా, తెలుగువారి నోట అది నేటికీ కలకత్తాయే.

వానాకాలంలో గరియాహాట్, మానిక్‌తలా, లేక్ మార్కెట్ వంటి బజారులకు తెల్లవారకముందే జనం చేరుకుంటారు. మంచుగడ్డలపై వరుసగా పేర్చిన చేపలు వెండిరేకుల్లా తళతళలాడుతుంటాయి. కొనవచ్చిన పెద్దమనిషి మొప్ప ఎత్తి లోపలి ఎరుపును పరీక్షిస్తాడు. పొట్టను బొటనవ్రేలితో అదిమి చూస్తాడు. గుడ్లు ఉన్నవా, లేవా అని అడుగుతాడు. గుడ్లు నిండిన చేపలో కొవ్వు తరిగి రుచి తగ్గుతుందని ఒక వర్గం వాదం. ఆ గుడ్ల వేపుడుకోసమే చేపను కొనాలని మరొక వర్గం వాదం. ఏది గెలిచినా, కిలో తూగే మంచి చేపకు రెండువేల రూపాయలు చెల్లించవలసి రావడం ఇటీవలి సంవత్సరాలలో మామూలయింది. నెలజీతంమీద బ్రతికే గృహస్థు ఆ ధర విని నిట్టూర్చి, ఒక్కక్షణం తటపటాయించి, చివరకు సంచి చాపుతాడు.

ఇంతా చేసి ఆ చేప తినడానికి సులువైనదా అంటే, కానే కాదు. ఒళ్ళంతా ముళ్ళే. దానిని తినడానికి ఓర్పు కావాలి. ఆ ఓర్పు బెంగాలీకి ఉగ్గుపాలతోనే అలవడుతుంది. అయితే నేడు ఇలిశ్ వారినుంచి మరొక విధమైన ఓర్పును కూడా కోరుతున్నది. అది తినకుండా ఆగగలిగే ఓర్పు. ఈ రెండవ విద్యను కలకత్తా నేర్చుకోగలదా అన్న ప్రశ్నమీదనే ఆ చేప భవిష్యత్తు ఆధారపడి ఉన్నది.

పురిటికి పుట్టింటికి

ఇలిశ్ జీవితం ఆడపడుచు జీవితంవంటిది. పుట్టేది నదిలో; మెట్టినిల్లు సముద్రం; పురిటికి మళ్ళీ పుట్టింటికి రావలసిందే. మంచినీటిలో గుడ్డునుంచి బయటపడిన పిల్ల కొన్ని నెలలు నదిలోనే పెరిగి, ప్రవాహంతోపాటు సముద్రానికి దిగిపోతుంది. అక్కడ ఏడాది, రెండేళ్ళు మేసి, ఒంట కొవ్వు నింపుకొని, వరదనీరు ఎర్రగా సముద్రంలోకి దూకే రోజులలో ఆ ప్రవాహానికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. ఒక్కొక్క తల్లిచేప లక్షలకొద్దీ గుడ్లు పెడుతుంది. వాటిలో ఎదిగి తిరిగి వచ్చేవి బహు స్వల్పం.

ఈ ఎదురీతలోనే దాని రుచి రహస్యం ఉన్నదని తినేవారందరి విశ్వాసం. దూరప్రయాణానికి దాచుకొన్న కొవ్వు చేప కండరమంతటా పరచుకొని ఉంటుంది. నదిలో ముందుకు సాగినకొద్దీ దాని మాంసంలోని ఉప్పుదనం తగ్గి, కమ్మదనం వస్తుంది. అందుకే సముద్రంలో పట్టిన చేపకు ఒక ధర, నదిలో పట్టిన చేపకు మరొక ధర. రూప్‌నారాయణ్ నదిమీది కోలాఘాట్ ఇలిశ్ అంటే కలకత్తా భోజనప్రియులు ఒకనాడు ప్రాణం పెట్టేవారు.

ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండు వైద్యుడు గంగానదిలోని చేపలను గురించి వ్రాసిన గ్రంథం 1822లో వెలువడింది. ఇలిశ్‌కు శాస్త్రీయమైన వర్ణన తొలుత లభించింది ఆ గ్రంథంలోనే. బెంగాలీల నోటిమాటనే ఆయన శాస్త్రనామంలో చేర్చాడు. తర్వాత జాతినామం మారినా, చివరి భాగం 'ఇలిషా'గానే నిలిచింది. నేడు శాస్త్రజ్ఞులు దానిని టెన్యులోసా ఇలిషా అంటారు.

స్వామి వివేకానందుల చివరి భోజనంలో కూడా ఈ చేపకు చోటు దొరికింది. 1902 జూలై 4వ తేదీన, హుగ్లీ ఒడ్డున ఉన్న బేలూరు మఠంలో, ఆ యేటి కొత్త ఇలిశ్‌ను కొనగా స్వామి మధ్యాహ్నం దానిని ఎంతో ఇష్టంగా ఆరగించారని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నవి. ఆ రాత్రే ఆయన దేహం చాలించారు.

ముళ్ళ మర్మం

కొరమీను తినేవాడికి ముళ్ళ భయం లేదు. నడుమ వెన్నెముక, దానికి అంటిన పెద్దముళ్ళు తప్ప దాని కండలో మరేమీ ఉండదు. ఇలిశ్ సంగతి వేరు. అది కవళ్ళ కుటుంబానికి దగ్గరి చుట్టం. ఆ తెగ చేపలకు వెన్నెముకతో నేరుగా సంబంధం లేకుండా, కండరపు పొరల నడుమ వెంట్రుకలవంటి సన్నని ముళ్ళు గుచ్చుకొని ఉంటాయి. వాటిలో కొన్ని కొసన రెండుగా చీలి పంగలకర్ర ఆకారంలో ఉంటాయి. కత్తితో తీసివేద్దామంటే చేప పొడిపొడి అయిపోతుంది. అమెరికా ఖండపు నదులలో ఇలిశ్‌కు వరసైన షాడ్ అనే చేప ఉన్నది. తన బ్రతుకు నచ్చని ముళ్ళపంది ఒకటి దేవుణ్ణి వేడుకోగా, ఆయన దానిని లోపలిది బయటికి తిరగేసి నీటిలో పడవేస్తే అదే షాడ్ అయిందని అక్కడి ఆదివాసులు కథ చెప్పుకొంటారు.

బెంగాలీ గృహిణి ఈ ముళ్ళతో యుద్ధానికి దిగదు, రాజీ కుదుర్చుకొంటుంది. నేలమీద కూర్చుండి, కాలితో అదిమిపట్టిన 'బొంటి'మీద, అంటే మన కత్తిపీటవంటి దానిమీద, చేపను అడ్డంగా ముక్కలు చేస్తుంది. పొట్టవైపు ముక్క 'పేటీ'. వీపువైపు ముక్క 'గాదా'. పేటీలో కొవ్వు ఎక్కువ, ముళ్ళు పెద్దవి, తేలికగా ఏరవచ్చు. గాదాలో కండ ఎక్కువ, ముళ్ళు సన్నవి. తోకవైపు పోయినకొద్దీ ముళ్ళు మరీ దట్టమవుతాయి. పేటీ ముక్క అల్లుడికి, అతిథికి, పిల్లలకు. గాదా ముక్క అనుభవజ్ఞులకు. కోసిన తర్వాత ముక్కలను మళ్ళీ కడగడం మహాపరాధం. కొవ్వు, రుచి నీళ్ళపాలవుతాయని, కోయకముందే చేపను శుభ్రంగా కడుగుతారు.

దీనిని చెంచాతో తినడం కుదరదు. వ్రేళ్ళకొసలతో ముక్కను విడదీసి, పట్టుబడిన ముల్లును పక్కన పెట్టి, తప్పించుకొన్నదానిని నాలుకతో వెదికి పెదవుల నడుమనుంచి బయటకు తీయాలి. మాటలు తగ్గించాలి, తొందర మానాలి. ఇలిశ్ వడ్డించిన పంక్తిలో ఒక విధమైన మౌనం ఆవరించడం అందుకే. పసిపిల్లలకు తల్లి ముల్లు ఏరి ముద్దలు పెడుతుంది. ఏ ఏడో ఎనిమిదో ఏట బిడ్డ తనంతట తాను ముల్లు ఏరుకొని తిన్ననాడు ఇంటిల్లిపాదీ సంబరపడతారు.

ఇంత నేర్పు ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు ముల్లు గొంతులో దిగడం తప్పదు. అప్పుడు పిల్లి కాళ్ళు పట్టుకొంటే ముల్లు దానంతట అదే జారిపోతుందని పెద్దవారు హాస్యానికీ, నమ్మకానికీ నడుమ ఒక మాట చెబుతారు. ఉత్త అన్నపుముద్ద మింగడం, అరటిపండు మింగడం వంటి గృహవైద్యాలు కూడా ఉన్నవి. వైద్యులు మాత్రం వీటిని ఒప్పుకోరు. బలవంతంగా మింగితే ముల్లు మరింత లోతుకు దిగవచ్చు. నొప్పి తగ్గకపోతే వైద్యునిచేత చిమటాతో తీయించుకోవడమే క్షేమం. తెల్లదొరలు ఈ బాధ పడలేక, ముళ్ళు తీయించి పొగబెట్టిన ఇలిశ్‌ను తమ క్లబ్బులలో వడ్డింపజేసుకొన్నారు. ముళ్ళు లేని ఇలిశ్ కూడా ఒక ఇలిశేనా అని బెంగాలీలు ఇప్పటికీ నవ్వుతారు.

ఆవపిండి మహిమ

ఇలిశ్ వంటలో మొదటి సూత్రం తక్కువ చేయడం. ఉల్లి, వెల్లుల్లి, గరంమసాలా దాని దరి చేరరాదు. చేపలో ఉన్న నూనెకు తోడు రావలసినవి ఆవాలు, పచ్చిమిరప, పసుపు, ఉప్పు, ఆవనూనె. ఆవ పెట్టిన అరటికాయకూర, పనసపొట్టుకూర రుచి ఎరిగిన తెలుగువారికి ఈ ఘాటు కొత్తది కాదు. ఆవాలను నానబెట్టి, పచ్చిమిరపకాయలు, ఉప్పు చేర్చి నూరుతారు. అలా నూరితే చేదెక్కదని చెబుతారు. ఆ ముద్దలో ముక్కలను ఉడికిస్తే 'శొర్షే ఇలిశ్'. అదే ముద్దను ముక్కలకు పట్టించి, పైన పచ్చి ఆవనూనె పోసి, మూత బిగించిన టిఫిను డబ్బాలో ఆవిరిమీద ఉడికిస్తే 'భాపా ఇలిశ్'. ఉడుకుతున్న అన్నం నడుమనే ఆ డబ్బాను పెట్టే ఇళ్ళూ ఉన్నవి. అరటాకులో పొట్లంకట్టి పెనంమీద కాలిస్తే 'పాతూరి'. మూత తీసిన క్షణంలో వచ్చే ఆ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

ముసురు పట్టిన మధ్యాహ్నం ఖిచుడి, దానిపక్కన వేపిన ఇలిశ్ ముక్క ఉండవలసిందే. వేపినపుడు మూకుడులో మిగిలిన నూనెను పారబోయరు. వేడి అన్నంలో ఆ నూనె, కాస్త ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ కలుపుకొని తినడమే చాలామందికి విందులో మొదటి అంకం. నల్లజీలకర్ర తాలింపుతో, వంకాయముక్కలు వేసి పలుచని పులుసు చేస్తారు. తలను చేమకాడలతోనో, బచ్చలికూరతోనో కలిపి వండుతారు. గుడ్లను వేపుతారు. చింతపండు వేసి తోకముక్కలతో పులుపు చేసేవారు కూడా ఉన్నారు. పొలుసు, మొప్ప, పేగు తప్ప ఈ చేపలో పారవేయదగినది దాదాపు లేదు.

రెండు జట్లు, రెండు నదులు

కలకత్తాలో ఇలిశ్ కేవలం ఆహారం కాదు. అది ఒక వంశవృక్షం. పశ్చిమ బెంగాల్‌లో తరతరాలుగా ఉన్నవారు 'ఘోటీ'లు. తూర్పు బెంగాల్‌నుంచి, ముఖ్యంగా 1947 దేశవిభజన తర్వాత, కట్టుబట్టలతో వచ్చి స్థిరపడినవారు 'బాఙాల్'లు. గంగలోని ఇలిశ్ గొప్పదని మొదటివారు, పద్మానదిలోని ఇలిశ్‌తో మరేదీ సాటిరాదని రెండవవారు నేటికీ వాదులాడుకొంటారు. బాఙాలుల ఫుట్‌బాల్ జట్టు 1920లో స్థాపితమైన ఈస్ట్ బెంగాల్. ఘోటీలది 1889లో వెలసిన మోహన్ బగాన్. మొదటిదానికి గుర్తు ఇలిశ్, రెండవదానికి గుర్తు రొయ్య. ఈస్ట్ బెంగాల్ గెలిచిన మర్నాడు బజారులో ఇలిశ్ ధర, మోహన్ బగాన్ గెలిచిన మర్నాడు రొయ్యల ధర ఎక్కుతాయని నగరంలో నానుడి.

ఇల్లు, పొలం, ఊరు సరిహద్దుకు ఆవల వదలి వచ్చినవారికి ఆ చేప ఊరి జ్ఞాపకం. పద్మను చూడలేనివాడు పద్మలోని చేపనైనా తినగలిగితే చాలుననుకొన్నాడు. అందుకే 2012లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఇలిశ్ ఎగుమతిని నిషేధించినపుడు కలకత్తా తన సొంత వస్తువును ఎవరో లాగుకొన్నంతగా బాధపడింది. 2019నుంచి దుర్గాపూజల సమయంలో పరిమితంగా ఎగుమతికి అనుమతి ఇస్తూ వచ్చారు. 2024లో కొత్తగా ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం మొదట ఇవ్వమన్నది. కొన్నిరోజులకే మనసు మార్చుకొని 3,000 టన్నులకు అనుమతించింది. పెట్రాపోల్ సరిహద్దు దాటి మంచుపెట్టెల లారీలు వచ్చిన వార్తకు పండుగ వార్తతో సమానమైన ఆదరణ లభించింది.

దారి మూసుకుపోయింది

గంగానదిలో ఇలిశ్ ఒకప్పుడు ఎంత దూరం ప్రయాణించేదో వింటే నేడు ఆశ్చర్యం కలుగుతుంది. పాట్నా దాటి, అలహాబాద్ దాటి, కాన్పూరు దాకా వెళ్ళేది. యమునలో ఆగ్రా, ఢిల్లీల దగ్గర కూడా కనిపించినట్లు పాతవ్రాతలలో ఉన్నది. అంటే సముద్రతీరం చూడని ఉత్తరహిందూస్థానపు పల్లెకారుడికి కూడా సముద్రపు చేప ఇంటిముందుకు వచ్చేదన్నమాట.

ఆ ప్రయాణం 1975లో ఆగింది. ఆ సంవత్సరం ఫరక్కా బ్యారేజీ పనిచేయడం ప్రారంభించింది. 1961లో నిర్మాణం మొదలుపెట్టిన ఆ కట్టడం ఉద్దేశం గంగనీటిలో కొంతభాగాన్ని భాగీరథీ–హుగ్లీ పాయకు మళ్ళించి, మేటవేసిన ఇసుకను కడిగి, కలకత్తా రేవును కాపాడడం. కలకత్తాకోసం కట్టిన ఆ గోడే కలకత్తా మెచ్చిన చేపకు దారి మూసింది. నది ఎగువన ఉన్న పల్లెకారుల వలలలో ఇలిశ్ క్రమంగా కరువయింది. పాకిస్తాన్‌లో సింధునదికి కూడా ఇదే గతి పట్టింది. 1955లో కోట్రీ బ్యారేజీ పూర్తయిన తర్వాత పల్లాచేప ఎగువకు పోలేకపోయింది.

కలకత్తా సమీపంలోని బారక్‌పూర్‌లో 1947లో నెలకొల్పిన కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీనికి విరుగుడు వెదకుతున్నారు. ఫరక్కా దిగువన పట్టిన ఇలిశ్‌ను సజీవంగా ఎగువకు చేర్చి, గుర్తులు తగిలించి నదిలో వదులుతున్నారు. చెప్పినంత తేలికైన పని కాదిది. ఇలిశ్ వలలోనుంచి పైకి తీసిన కొద్దిసేపటికే ప్రాణం విడుస్తుంది. బజారులో బ్రతికున్న కొరమీనును తొట్టిలో చూడవచ్చు గాని, బ్రతికున్న ఇలిశ్‌ను చూడడం అసంభవం.

మరి చెరువులో పెంచరాదా అని ఎవరికైనా తోచవచ్చు. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే బెంగాలీ శాస్త్రజ్ఞుడు సూదిమందుతో మన దేశపు గండిచేపలచేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాడు. నదిలో తప్ప గుడ్లు పెట్టని చేపలు మనిషి చేతికి చిక్కాయి. ఆ విజయం ఫలితంగానే కొల్లేరు పరిసరాలలో వేలాది చెరువులు వెలిశాయి. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల శీలావతి, బొచ్చె చేపలు ఎన్నో దశాబ్దాలుగా మంచులో ప్రయాణంచేసి హౌరా చేపల బజారుకు చేరుతున్నవి. బెంగాలీ ఇంట నిత్యం ఉడికే చేపపులుసులో తెలుగువారి చెరువుల పాలు చాలా ఉన్నది. కాని ఇలిశ్ మాత్రం ఎవరి మాటా వినలేదు. గుడ్లు పిండి పిల్లలను తీయగలిగారే గాని, వాటిని చెరువులో పెంచి బజారుకు పంపగల స్థితి నేటికీ రాలేదు. నది ఉంటే ఇలిశ్ ఉంటుంది. నది లేకపోతే లేదు.

తినకుండా ఆగడమనే విద్య

గోడలు కట్టినది ప్రభుత్వాలు కావచ్చు. చిన్నచేపను కొనేది మాత్రం గృహస్థే. పావుకిలో, అరకిలో తూగే ఇలిశ్‌ను కలకత్తాలో ముద్దుగా 'ఖోకా ఇలిశ్' అంటారు. ఖోకా అంటే పసివాడు. పెద్దచేప కొనలేని సామాన్యుడికి ఈ పసివాడే దిక్కు. ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకుండానే ఆ చేప వంటింటికి చేరుతున్నది. 23 సెంటీమీటర్లకు తక్కువ పొడవున్న ఇలిశ్‌ను పట్టడం, అమ్మడం పశ్చిమ బెంగాల్‌లో నిషిద్ధం. సన్నకన్నుల వలలమీద కూడా ఆంక్ష ఉన్నది. తూర్పుతీరమంతటా ఏటా ఏప్రిల్ 15నుంచి 61 రోజులపాటు యాంత్రిక పడవలు సముద్రంలోకి వెళ్ళరాదు. శాసనాలకు కొరత లేదు. డైమండ్ హార్బర్, కాక్‌ద్వీప్, నామ్‌ఖానా రేవులలో దిగిన చిన్నచేప నగరపు బజారులకు చేరడం మాత్రం ఆగలేదు.

అయితే పల్లెకారుణ్ణి నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. తుపాను హెచ్చరికల నడుమ ప్రాణాలకు తెగించి పదిరోజులు సముద్రంమీద ఉండి, నూనెకు, మంచుకు అప్పుచేసినవాడు, వలలో పడిన చిన్నచేపను విడిచిపెట్టాలంటే ఆ రాత్రి అతని ఇంట పొయ్యి వెలిగే ఏర్పాటు ఎవరైనా చేయాలి. బంగ్లాదేశ్ ఈ మర్మం కొంత గ్రహించింది. ఆశ్వయుజ పూర్ణిమ పరిసరాలలో తల్లిచేప గుడ్లు పెట్టే 22 రోజులు అక్కడ వేట పూర్తిగా నిషిద్ధం. పిల్లచేపలు పెరిగే నెలలలో వాటిని పట్టరాదు. ఆ కాలంలో నమోదైన పల్లెకార కుటుంబాలకు నెలకు 40 కిలోల చొప్పున బియ్యం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ బియ్యం చాలదనీ, అందరికీ అందదనీ ఫిర్యాదులు లేకపోలేదు. అయినా 2002–03లో రెండు లక్షల టన్నులకు లోపున్న ఆ దేశపు ఇలిశ్ రాబడి 2018–19నాటికి అయిదు లక్షల టన్నులు దాటింది.

ఇంతకూ ఈ నియమం బెంగాలీలకు కొత్తదా? కాదు. తూర్పు బెంగాల్ కుటుంబాలలో ఒక పాత ఆచారం ఉన్నది. విజయదశమికో, ఆ తర్వాతి పూర్ణిమనాటి లక్ష్మీపూజకో చివరిసారి ఇలిశ్ తిని ఆపివేస్తారు. తిరిగి మాఘమాసంలో సరస్వతీపూజనాడు జంట ఇలిశ్‌లను ఇంటికి తెచ్చి, పసుపు, కుంకుమ పెట్టి, వండుకొని తింటారు. నడుమ నాలుగు నెలలపాటు ఇంట ఇలిశ్ మాట ఎత్తరు. తల్లిచేప గుడ్లు పెట్టి తిరిగి పోయే రోజులు, పిల్లలు నదిలో ఈదే రోజులు చాలావరకు ఆ నాలుగు నెలలలోనే వస్తాయి. శాసనం తర్వాత చెప్పిన మాటను ఆచారం ముందే చెప్పింది.

ఆచారమన్నదల్లా మంచిదని దీని అర్థం కాదు. అదే బెంగాల్‌లో అగ్రకులాల వితంతువు ఇంటిల్లిపాదికీ ఇలిశ్ వండిపెట్టి, తాను మాత్రం ఒక్క ముక్క నోట పెట్టరాదని కట్టడిచేసిన కాలం ఒకటి ఉన్నది. ఇతరులు ఆమెమీద రుద్దిన ఆ లేమికి అన్యాయమని పేరు. కడుపునిండినవాడు రేపటితరం కోసం తనంతట తాను నాలుగు నెలలు చేయి వెనుకకు తీసుకోవడం వేరు. దానికి సంస్కారమని పేరు.

గోదావరి ఒడ్డున

ఈ కథ తెలుగువారికి దూరపుకొండల నునుపు కాదు. బంగాళాఖాతంలో ఇలసగా తిరిగే చేప గోదావరిలోకి ఎదురీది వచ్చాక పులస అవుతుంది. జూలైనుంచి అక్టోబరు వరకు, ఎర్రనీరు వచ్చిన రోజులలో, యానాం రేవులో ఒక్కొక్క పులస వేలంపాటలో వేలరూపాయలు పలుకుతున్నది. మట్టిచట్టిలో, కట్టెల పొయ్యిమీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి, సన్నని సెగమీద మరగనిచ్చి, దింపేముందు వెన్నో ఆవకాయనూనెయో చేర్చి, మరునాటికి గాని ముట్టుకోరు. బెంగాలీ ఆవిరిమీద నిమిషాలలో ముగించే పనికి గోదావరిజిల్లా ఇల్లాలు ఒక రాత్రి వ్యవధి ఇస్తుంది. పులుసులో నానినకొద్దీ ముక్కకు రుచి పడుతుంది.

ఇక్కడ కూడా దారికి ఒక గోడ ఉన్నది. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. ఆ మేలు కాదనలేనిది. కాని పులస ప్రయాణం అక్కడితో ముగిసింది. 1982నాటికి దాని స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చింది. అంతర్వేది, యానాం మొదలు ధవళేశ్వరం వరకు మిగిలిన ఆ కొద్దిపాటి నదిలోనే నేటి పులస పుట్టిల్లు. చేప తగ్గినకొద్దీ మోసం పెరిగింది. ఒడిశా, బెంగాల్ తీరాలనుంచి మంచుపెట్టెలలో దిగే ఇలసను పులసగా అమ్మడం గోదావరి జిల్లాలలో ఎరుగనివారు లేరు.

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నది గోదావరి సామెత. ఆ మాట పుట్టిననాడు కరువు డబ్బుకే గాని చేపకు కాదు. నేడు కలకత్తాలోనూ, యానాంలోనూ డబ్బు పట్టుకొని రేవులో నిలబడేవారికి కొదవ లేదు. చిన్నచేపను ఈ యేడు వదిలిపెట్టకపోతే, రాబోయే తరానికి పుస్తెలు మిగిలినా, వాటిని అమ్మి కొనుక్కోవడానికి చేప మిగలదు.